పరిశోధన వ్యాసాలలో పట్టికలు, చిత్రాలు: సంఖ్యాక్రమం, పరస్పర సూచన

వ్యవసాయ పరిశోధన వ్యాసంలో గాని, విస్తరణ నివేదికలో గాని పట్టికలకు, చిత్రాలకు సంఖ్యలు వేయడం చివరి నిమిషంలో పూర్తిచేయవలసిన చిన్న పనిగా చాలామంది భావిస్తారు. ప్రయోగ రూపకల్పనకు, గణాంక విశ్లేషణకు ఇచ్చే శ్రద్ధలో పదో వంతు కూడా దీనికి దక్కదు. అయితే పాఠకుడు వాక్యం నుంచి దత్తాంశానికి, దత్తాంశం నుంచి వాక్యానికి ప్రయాణించే దారి ఈ సంఖ్యలే. ఆ దారి తప్పితే ప్రయోగం ఎంత కచ్చితంగా జరిగినా పాఠకునికి చేరేది తప్పు సమాచారమే. సంఖ్యాక్రమానికి సంబంధించిన నియమాలను, తెలుగులో రాసేటప్పుడు ప్రత్యేకంగా ఎదురయ్యే సమస్యలను, వాటిని కంప్యూటరులో పరిష్కరించే విధానాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఒక ఉదాహరణ

శ్రీకాకుళం జిల్లా పాతపట్నం మండలంలో వరి సాగు పద్ధతులపై ఒక క్షేత్రస్థాయి నివేదిక తయారవుతున్నదని ఊహిద్దాం. అందులో ఐదు పట్టికలు ఉన్నాయి. మొదటిది వర్షపాతం, రెండవది భూసార పరీక్షా ఫలితాలు, మూడవది నాటిన వరిలో కలుపు నివారణ, నాలుగవది దమ్ముచేసి మొలకెత్తిన విత్తనం వెదజల్లిన వరిలో కలుపు నివారణ, ఐదవది దిగుబడి, ఆదాయ వ్యయాలు. పాఠంలో ఒకచోట ‘వెదజల్లిన వరిలో వాడవలసిన కలుపు మందులకు పట్టిక 4 చూడండి’ అన్న వాక్యం ఉంది.

నివేదికను పరిశీలించిన నిపుణుడు, అధ్యయనం చేసిన గ్రామాల వివరాలతో ఒక పట్టికను మొదట చేర్చమని సూచించాడు. రచయిత దాన్ని చేర్చి, మిగిలిన పట్టికల శీర్షికలలో సంఖ్యలను ఒక్కొక్కటి పెంచాడు. పాఠంలోని వాక్యాలను మాత్రం మార్చడం మరచిపోయాడు. ఇప్పుడు పట్టిక 4 నాటిన వరికి సంబంధించినది. వెదజల్లిన వరి పట్టిక సంఖ్య 5 అయింది.

దీని పర్యవసానం ఏమిటి? నాటిన వరిలో వాడే ప్రెటిలాక్లోర్‌లో పైరును కాపాడే సేఫ్‌నర్ కలిసి ఉండదు. దమ్ములో వెదజల్లిన వరికి సేఫ్‌నర్ కలిసిన ప్రెటిలాక్లోర్‌ను మాత్రమే సిఫారసు చేస్తారు. సేఫ్‌నర్ లేని మందును వెదజల్లిన పొలంలో వాడితే కలుపుతో పాటు వరి మొలక కూడా దెబ్బతింటుంది. ఒక అంకె మారకపోవడం వల్ల విస్తరణాధికారి తప్పు పట్టికను చూసి, తప్పు మందును చెప్పే ప్రమాదం ఏర్పడింది.

ఈ దోషంలో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. నివేదికలో లేని పట్టిక 9ని చూడమని రాసి ఉంటే పాఠకుడు వెంటనే పొరపాటును గుర్తించేవాడు. కాని పట్టిక 4 ఉన్నది, అదీ కలుపు మందుల గురించే ఉన్నది. అందువల్ల ఎవరికీ అనుమానం రాదు. లేని పట్టికను చూపే సూచన కన్నా, ఉన్న మరో పట్టికను చూపే సూచనే ప్రమాదకరం.

‘పై పట్టిక’, ‘క్రింది చిత్రం’

సంఖ్యల బెడద లేకుండా ‘పై పట్టికలో’, ‘క్రింది చిత్రంలో’ అని రాయడం సులభమనిపిస్తుంది. చేతివ్రాత ప్రతిలో అది నిజమే కావచ్చు. అచ్చులో మాత్రం పట్టిక రచయిత పెట్టినచోట ఉండదు. రెండు వరుసల పేజీలో పెద్ద పట్టిక ఇమడకపోతే కూర్పరి దాన్ని తరువాతి పేజీ పైభాగానికి జరుపుతాడు. అప్పుడు ‘క్రింది పట్టిక’ నిజానికి పైన ఉంటుంది, లేదా ‘క్రింద’ మరొక పట్టిక ఉంటుంది. చరవాణి తెరపై చదివేటప్పుడు పేజీ అన్నదే మారిపోతుంది. కాబట్టి స్థానాన్ని బట్టి కాక సంఖ్యను బట్టి సూచించడమే నిలకడైన పద్ధతి.

సాధారణ నియమాలు

శాస్త్రీయ పత్రికలు దాదాపు అన్నీ అంగీకరించిన నియమాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, పట్టికలకు ఒక వరుస, చిత్రాలకు మరొక వరుస. పట్టిక 1, 2, 3. చిత్రం 1, 2, 3. రెండింటినీ కలిపి ఒకే వరుసలో లెక్కించరాదు.

రెండవది, పాఠంలో మొదటిసారి ప్రస్తావించిన క్రమంలోనే సంఖ్యలు రావాలి. పట్టిక 3 ప్రస్తావన పట్టిక 2 కన్నా ముందు వస్తే, ఆ రెండింటి సంఖ్యలను తారుమారు చేయాలి, లేదా వాక్యాల క్రమాన్ని మార్చాలి.

మూడవది, ప్రతి పట్టికకు, ప్రతి చిత్రానికి పాఠంలో కనీసం ఒక ప్రస్తావన ఉండాలి. ఎక్కడా ప్రస్తావన లేని పట్టికను పాఠకుడు ఎప్పుడు చూడాలో తెలియదు. అటువంటి పట్టిక అవసరమా అని రచయితే ప్రశ్నించుకోవాలి.

నాల్గవది, పట్టిక శీర్షిక పట్టికకు పైన, చిత్రం శీర్షిక చిత్రానికి క్రింద ఉంటుంది. పట్టికను పైనుంచి క్రిందికి చదువుతాం గనుక విషయం ముందే తెలియాలి. చిత్రాన్ని ముందు చూసి, తరువాత వివరణ చదువుతాం.

ఐదవది, సిద్ధాంత గ్రంథంలో అధ్యాయ సంఖ్యతో కలిపి 4.1, 4.2 అని వేయడం మేలు. నాలుగవ అధ్యాయంలో ఒక పట్టిక పెరిగినా ఐదవ అధ్యాయం సంఖ్యలు కదలవు. అయితే 4.10 అన్నది దశాంశ సంఖ్య కాదు. అది నాలుగవ అధ్యాయంలోని పదవ పట్టిక, 4.9 తరువాత వస్తుంది. దిగుబడి అంకెలతో నిత్యం పనిచేసే విద్యార్థి దీన్ని 4.1తో సమానమని పొరబడే అవకాశం ఉంది. చిన్న వ్యాసానికి ఈ పద్ధతి అనవసరం.

శీర్షిక స్వయం సంపూర్ణంగా ఉండాలన్నది వీటికి తోడు నియమం. నేడు విస్తరణ పత్రంలోని ఒక్క పట్టికను ఫోటో తీసి వాట్సాప్‌లో పంపడం సర్వసాధారణం. ఆ ఫోటో వెంట వ్యాసం వెళ్లదు. కనుక పంట, సాగు పద్ధతి, ప్రదేశం, సీజను, సంవత్సరం, ప్రమాణం శీర్షికలోనే ఉండాలి. ‘పట్టిక 5. కలుపు మందులు’ అన్న శీర్షిక చాలదు. ‘పట్టిక 5. దమ్ములో వెదజల్లిన వరిలో కలుపు మందులు, ఎకరాకు మోతాదు, వాడవలసిన సమయం’ అని ఉంటే పై ఉదాహరణలో సంఖ్య తప్పినా రైతు తప్పు మందును వాడే అవకాశం తగ్గేది. సంఖ్య దారి చూపుతుంది. శీర్షిక చేరిన చోటు సరైనదో కాదో చెబుతుంది. పాఠంలోని సూచనలోనూ ఈ జాగ్రత్త పనికివస్తుంది. ‘పట్టిక 5 చూడండి’ అనే బదులు ‘వెదజల్లిన వరికి సంబంధించిన పట్టిక 5 చూడండి’ అంటే పాఠకుడే సరిచూసుకోగలడు.

సంఖ్య మారుతుంది, గుర్తు మారకూడదు

పరస్పర సూచనకు మూలసూత్రం ఒక్కటే: వరుసను చూపే సంఖ్య వేరు, వస్తువును గుర్తించే పేరు వేరు. వరుస సంఖ్య ఎప్పుడైనా మారవచ్చు. గుర్తింపు పేరు మారకూడదు. ఈ భేదం వ్యవసాయ శాస్త్రజ్ఞులకు కొత్త కాదు. ఎం.టి.యు. 7029 స్వర్ణగా, బి.పి.టి. 5204 సాంబ మసూరిగా, రాగోలు కేంద్రం నుంచి వచ్చిన ఆర్.జి.ఎల్. 2537 శ్రీకాకుళం సన్నాలుగా వాడుకలో ఉన్నాయి. ప్రయోగ మడిలో ఆ రకం మూడవ చికిత్స కావచ్చు, ఏడవ చికిత్స కావచ్చు. రకం గుర్తు మాత్రం అదే.

జనాభా లెక్కల పట్టికలు ఇందుకు మంచి నమూనా. మాతృభాషలను బట్టి జనాభా వివరాలను తెలిపే పట్టిక 2001లోను, 2011లోను సి-16 అన్న గుర్తుతోనే వెలువడింది. మహేంద్రతనయ నది ఒడ్డున, ఒడిశాలోని పర్లాకిమిడికి ఆనుకొని ఉన్న పాతపట్నం వంటి ప్రాంతంలో తెలుగుతో పాటు ఒడియా, సవర భాషలు వినిపిస్తాయి. ఏ భాషలో కరపత్రం అచ్చువేయాలో నిర్ణయించదలచిన విస్తరణ శాస్త్రజ్ఞుడు పదేళ్ల తేడాతో వచ్చిన రెండు సంపుటాలలోనూ అదే గుర్తుతో వెదకవచ్చు.

దీనికి భిన్నంగా, ఏటా వెలువడే గణాంక సంపుటాలలో ఒక పట్టిక చేరినా, తొలగినా తరువాతి సంఖ్యలు జరుగుతాయి. అటువంటి సంపుటాన్ని ఉదహరించేటప్పుడు పట్టిక సంఖ్య ఒక్కటే ఇవ్వరాదు. సంవత్సరాన్ని, శీర్షికను కూడా పేర్కొనాలి. ఉత్తరాంధ్ర విషయంలో మరొక జాగ్రత్త అవసరం. 2022 ఏప్రిల్ 4న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో 38 మండలాల శ్రీకాకుళం జిల్లా 30 మండలాలకు తగ్గింది. పాలకొండ, సీతంపేట, భామిని, వీరఘట్టం మండలాలు పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి, వంగర మండలాలు విజయనగరం జిల్లాలోకి వెళ్లాయి. పాతపట్నం శ్రీకాకుళంలోనే ఉన్నది. కనుక ‘శ్రీకాకుళం జిల్లాలో వరి విస్తీర్ణం’ అన్న పేరుతో 2022కు ముందు, తరువాత వచ్చిన పట్టికలు పేరులో ఒకటైనా పరిధిలో ఒకటి కావు. వీటిని పోల్చే పట్టిక అడుగున ఆ విషయాన్ని తప్పక తెలపాలి.

భూమి సర్వే సంఖ్యలూ ఇదే పాఠం నేర్పుతాయి. ఒక సర్వే నంబరు పంపకాలతో ఉపవిభాగాలుగా చీలుతుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2020 డిసెంబరులో ప్రారంభమైన రీసర్వే పూర్తయిన గ్రామాలలో పాత సర్వే నంబర్ల స్థానంలో ల్యాండ్ పార్సెల్ మ్యాప్ నంబర్లు వచ్చాయి. పాత నంబరుతో నమోదైన భూసార పరీక్ష ఫలితాన్ని కొత్త నంబరుతో నమోదైన ఫలితంతో పోల్చాలంటే రెండింటినీ జతచేసే సమన్వయ పట్టిక ఉండాలి. అది లేనిదే ఒకే పొలం రెండు పొలాలుగా కనిపిస్తుంది. దీర్ఘకాలిక ప్రయోగాల దత్తాంశం నిర్వహించేవారు ఈ జత పట్టికను నివేదికకు అనుబంధంగా చేర్చడం మంచిది.

తెలుగు వాక్యంలో సంఖ్య

ఇంతవరకు చెప్పినవి ఏ భాషకైనా వర్తిస్తాయి. తెలుగులో విభక్తి ప్రత్యయం వల్ల మరొక సమస్య వస్తుంది. ‘పట్టిక 3ను గమనించండి’ అన్న వాక్యంలో ‘ను’ అన్న ప్రత్యయం అంకెను చదివే మాటపై ఆధారపడింది. మూడు ఉకారాంతం కనుక ‘మూడును’. అదే పట్టిక సంఖ్య 8 అయితే ‘ఎనిమిదిని’ అనాలి. ఒకటి, ఎనిమిది, తొమ్మిది, పది, ఇరవై వంటి మాటల తరువాత ని, కి వస్తాయి. రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు వంటి మాటల తరువాత ను, కు వస్తాయి. కంప్యూటరు 3ను 8గా మార్చగలదు గాని ‘ను’ను ‘ని’గా మార్చలేదు. ‘పట్టిక 8ను’, ‘చిత్రం 1కు’ వంటి ప్రయోగాలు సంఖ్య మారిందని, వాక్యాన్ని తిరిగి చదవలేదని చాటుతాయి.

దీనికి తెలుగు నుడికారంలోనే పరిష్కారం ఉంది. సంఖ్యను ముందు, నామాన్ని తరువాత ఉంచితే ప్రత్యయం నామానికి చేరుతుంది. ‘3వ పట్టికను’, ‘8వ పట్టికను’, ‘1వ చిత్రానికి’ అన్నప్పుడు అంకె ఏదైనా ప్రత్యయం మారదు. వాక్యం చదవడానికీ సహజంగా ఉంటుంది. రైతు సమావేశంలో పైకి చదివినా తడబాటు ఉండదు. కుండలీకరణంలో ఇచ్చే సూచనకు మాత్రం (పట్టిక 3) అన్న రూపమే చాలు. అక్కడ ప్రత్యయం అక్కరలేదు. ‘లో’ ప్రత్యయం అన్ని సంఖ్యల తరువాత ఒకే విధంగా ఉంటుంది కనుక ‘పట్టిక 3లో’ అని రాయడంలో ఇబ్బంది లేదు.

పదాల ఎంపికలోనూ నిలకడ కావాలి. ‘పటం’ అన్న మాట పాఠ్యపుస్తకాలలో బొమ్మకు, భూగోళంలో దేశపటానికి కూడా వాడుకలో ఉంది. ఒకే వ్యాసంలో ‘పటం 1’, ‘చిత్రం 1’, ‘రేఖాచిత్రం 1’ అని మూడు వరుసలు పెడితే పాఠకుడు మూడు చోట్ల వెదకాలి. ఛాయాచిత్రమైనా, మండల పటమైనా, గ్రాఫ్ అయినా ‘చిత్రం’ అన్న ఒక్క వరుసలో చేర్చడం ఉత్తమం.

చిత్రంలోని భాగాలకు అక్షరాలు వేసేటప్పుడు అ, ఆ, ఇ, ఈ వరుస చిన్న అచ్చులో హ్రస్వ దీర్ఘాల తేడా తెలియక ఇబ్బంది కలిగిస్తుంది. ఎ, బి, సి వరుసలోని ‘ఎ’ను తెలుగు అచ్చుల వరుసలోని ‘ఎ’గా పొరబడవచ్చు. క, ఖ, గ, ఘ వరుసను ఎంచుకొంటే ఈ రెండు చిక్కులూ తొలగుతాయి. ఏ వరుసైనా వ్యాసమంతటా ఒకటే ఉండాలి. చిత్రంపైన ఒకటి, శీర్షికలో మరొకటి ఉండరాదు.

పట్టిక అడుగు సూచికలు

పట్టికలోని ఒక అంకెకు వివరణ ఇవ్వదలచినప్పుడు దాని పైన సంఖ్యను సూచికగా వేయరాదు. 52 పక్కన పైన వేసిన 2ను వర్గంగా చదివే ప్రమాదం ఉంది. అక్షరాలు వేద్దామంటే డంకన్ బహుళ వ్యాప్తి పరీక్ష వంటి పోలికలలో సగటుల పక్కన అక్షరాలే సమూహాలను సూచిస్తాయి. నక్షత్రపు గుర్తులు 5 శాతం, 1 శాతం స్థాయి సార్థకతకు వాడుకలో ఉన్నాయి. కనుక వివరణల కోసం †, ‡ గుర్తులను కేటాయించి, వాటి అర్థాన్ని ఆ పట్టిక అడుగునే ఇవ్వాలి. ఒక పట్టిక వివరణ కోసం పాఠకుణ్ణి మరో పట్టిక అడుగుకు పంపరాదు.

కంప్యూటరులో అమలు

మైక్రోసాఫ్ట్ వర్డ్‌లో రిఫరెన్సెస్ విభాగంలోని ఇన్సర్ట్ క్యాప్షన్ ద్వారా శీర్షికను చేర్చాలి. న్యూ లేబుల్‌లో ‘పట్టిక’, ‘చిత్రం’ అని తెలుగులో టైపు చేస్తే ఆ పేర్లతోనే వరుసలు ఏర్పడతాయి. ఈ విధంగా వచ్చిన సంఖ్య మామూలు అంకె కాదు. ముందున్న శీర్షికలను లెక్కించి తనంతట తాను మారే క్షేత్రం. పాఠంలో సూచన కావలసినచోట క్రాస్-రిఫరెన్స్‌తో ఆ శీర్షికను ఎంచుకోవాలి. అప్పుడు వర్డ్ శీర్షికకు కనిపించని ఒక గుర్తు తగిలించి, సూచనను ఆ గుర్తుకు ముడివేస్తుంది.

క్రాస్-రిఫరెన్స్ మామూలుగా ‘పట్టిక 3’ అని పేరుతో సహా తెస్తుంది. ‘3వ పట్టిక’ అన్న రూపం కావాలంటే శీర్షికలోని సంఖ్యను మాత్రం ఎంచి, దానికి ఖాళీలు లేని చిన్న పేరుతో బుక్‌మార్క్ పెట్టి, సూచనను ఆ బుక్‌మార్క్‌కు ఇవ్వాలి. లిబ్రె ఆఫీస్‌లో సంఖ్యను మాత్రమే తెచ్చే వెసులుబాటు నేరుగా ఉంది. లేటెక్‌లో లేబుల్, రెఫ్ ఆదేశాలు సంఖ్యనే ఇస్తాయి గనుక ఇబ్బంది లేదు. అయితే లేటెక్‌లో లేబుల్‌ను క్యాప్షన్ తరువాతనే ఉంచాలి. ముందు ఉంచితే పట్టిక సంఖ్యకు బదులు విభాగం సంఖ్య వస్తుంది. ఫైలును రెండుసార్లు నడిపితేగాని సూచనలు కుదురుకోవు. మొదటిసారి సంఖ్యలు నమోదై, రెండవసారి వాక్యాలలోకి చేరుతాయి.

వర్డ్‌లో పట్టికను చేర్చినా, తీసివేసినా వెంటనే అన్ని సూచనలూ మారవు. కంట్రోల్-ఎ నొక్కి మొత్తం ఎంచుకొని ఎఫ్9 నొక్కినప్పుడు మారుతాయి. అడుగుసూచికలలో, టెక్స్ట్ బాక్సులలో ఉన్న క్షేత్రాలు ఈ ఎంపికలోకి రావు. వాటిని విడిగా ఎంచుకొని మార్చాలి. అందుకే చిత్రాన్ని, దాని శీర్షికను టెక్స్ట్ బాక్సులో కాక పాఠపు వరుసలోనే ఉంచడం క్షేమం. పట్టికను మరోచోటికి జరిపేటప్పుడు శీర్షిక పేరాను మొత్తంగా కత్తిరించి అతికించాలి. శీర్షికను చెరిపి కొత్తగా టైపు చేస్తే కనిపించని గుర్తు పోతుంది. తరువాతి నవీకరణలో ‘ఎర్రర్! రిఫరెన్స్ సోర్స్ నాట్ ఫౌండ్’ అన్న వాక్యం సూచన స్థానంలో ప్రత్యక్షమవుతుంది. అచ్చయిన సిద్ధాంత గ్రంథాలలో కూడా ఈ వాక్యం కనిపించడం అరుదు కాదు.

తెలుగు ప్రచురణలో మరొక దశ ఉంది. యూనికోడ్‌లో రాసిన వ్యాసాన్ని అను ఫాంట్లలోకి మార్చి పేజ్‌మేకర్‌లో కూర్చినప్పుడు క్షేత్రాలన్నీ మామూలు అంకెలైపోతాయి. అక్కడి నుంచి ఏ సంఖ్యా తనంతట తాను మారదు. కనుక చేర్పులు, తొలగింపులు అన్నీ కూర్పుకు ముందే ముగియాలి. అచ్చుప్రతి దశలో పట్టికను చేర్చవలసి వస్తే ప్రతి సూచననూ చేతితో సరిచూడక తప్పదు.

ముద్రణకు ముందు పరిశీలన

సాఫ్ట్‌వేర్ సంఖ్యలను సరిపెడుతుంది గాని అర్థాన్ని సరిచూడదు. రచయిత మొదటే తప్పు శీర్షికను ఎంచుకొని ఉంటే ఆ తప్పును నమ్మకంగా మోస్తూనే ఉంటుంది. అందువల్ల తుది ప్రతిలో ఈ క్రింది పరిశీలన అవసరం.

1. ‘పట్టిక’, ‘చిత్రం’ అన్న మాటలను వెదికి, ప్రతి సూచన దగ్గర ఆగి, ఆ పట్టికను తెరిచి, వాక్యం చెప్పిన విషయం అందులో ఉన్నదో లేదో చూడాలి.
2. వాక్యంలో పేర్కొన్న అంకె, పట్టికలోని అంకె, ప్రమాణంతో సహా ఒకటేనా అని సరిపోల్చాలి.
3. ప్రతి పట్టికకు, చిత్రానికి పాఠంలో ప్రస్తావన ఉన్నదో, మొదటి ప్రస్తావనల క్రమం సంఖ్యల క్రమమేనో చూడాలి.
4. ‘పై’, ‘క్రింది’, ‘పక్క’ అన్న స్థాన సూచనలను తొలగించాలి.
5. సంఖ్య వెంట ను, ని, కు, కి ఉన్నచోట వాటిని పైకి చదివి సరిదిద్దాలి.
6. మందుల మోతాదు, విత్తన మోతాదు, ఎరువుల సిఫారసులు ఉన్న పట్టికలకు వచ్చే సూచనలను వ్యాసం రాయని మరొకరిచేత చదివించాలి.

చివరి అంశం అన్నింటికన్నా ముఖ్యం. రాసినవారికి తమ మనసులో ఉన్న పట్టికే కనిపిస్తుంది; కాగితం మీద ఉన్న సంఖ్య కనిపించదు. పర్యవేక్షకులు తమ విద్యార్థులు ఒకరి వ్యాసంలోని సూచనలను మరొకరు సరిచూసే అలవాటును ప్రయోగశాలలోనే నేర్పితే, విస్తరణ రంగంలోకి వచ్చిన తరువాత అది వారి వెంట ఉంటుంది. పది పట్టికలున్న వ్యాసానికి ఇందుకు పట్టే సమయం ఒక గంటకు మించదు. పాతపట్నంలో వెదజల్లిన పొలం గట్టున కరపత్రం పట్టుకొని నిలబడిన రైతుకు ఆ గంట విలువ ఒక పంటకాలం.